లెక్క ఎంతవరకు? – ‘ద ఫస్ట్ త్రీ మినిట్స్’పై ఒక విమర్శ

స్టీవెన్ వైన్‌బర్గ్ ఇంగ్లీషులో రచించిన ‘ద ఫస్ట్ త్రీ మినిట్స్’ 1977లో వెలువడింది. 1973లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన ఒక ఉపన్యాసం పెరిగి ఈ చిన్న గ్రంథమయింది. విశ్వారంభాన్ని గురించి సామాన్య పాఠకుల కోసం ఆ తరువాత వచ్చిన పుస్తకాలకు లెక్కలేదు. పరమాణు గర్భంలోని కణాలను పరిశీలించే శాస్త్రమూ, సమస్త విశ్వ స్వరూపాన్ని విచారించే శాస్త్రమూ ఒకే ఖాతా పుస్తకంలోని రెండు పుటలని వారికి నచ్చజెప్పిన గ్రంథాలలో మాత్రం దీనిది ముందు వరుస.

మనలో ఈ గ్రంథం గురించి మాట్లాడేవారు రెండు తెగలుగా కనిపిస్తారు. విశ్వానికి ఆరంభం ఉన్నదని సైన్సు ఒప్పుకున్నది గనుక ఇక సృష్టికర్త నిరూపితుడయినట్లేనని సంబరపడేవారు ఒక తెగ. చివరి పేజీలలోని నిరాశాపూరితమైన తీర్పును చూసి, ఇది నాస్తికుని రచన అని పుస్తకం మూసివేసేవారు రెండవ తెగ. మొదటివారు పీఠికతో ఆగిపోయారు, రెండవవారు ఉపసంహారాన్ని మాత్రమే చదివారు. నడుమనున్న అధ్యాయాలు ఇద్దరి చేతిలోనూ అన్యాయానికి గురయ్యాయి. గ్రంథం విలువంతా అక్కడే ఉన్నది.

గ్రంథకర్త వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాడు. ఆయనది కణ భౌతికశాస్త్రం. విద్యుదయస్కాంత బలమూ, కొన్ని రకాల రేడియో ధార్మికతకు కారణమైన క్షీణ బలమూ మూలంలో ఒక్కటేనన్న సిద్ధాంతాన్ని ఆయన 1967లో ప్రకటించాడు. జంగ్‌కు చెందిన అబ్దుస్ సలామ్ విడిగా ఆలోచించి అదే సిద్ధాంతానికి చేరి 1968లో వెల్లడించాడు. షెల్డన్ గ్లాషోతో పాటు ఆ ఇద్దరికీ 1979లో నోబెల్ బహుమతి లభించింది. విశ్వారంభపు కథలో క్షీణ బలానిదే ముఖ్య పాత్ర. దాని గుట్టు తెలిసినవాడే ఆ కథ చెప్పటం వల్ల పుస్తకానికి ఇతర గ్రంథాలలో లేని సాధికారత వచ్చింది.

ముందుమాటలో ఆయన తన పాఠకుణ్ణి చమత్కారంగా ఊహించుకున్నాడు. ఆ పాఠకుడు తలపండిన ఒక న్యాయవాది. గణితపు భాష రాదు. కాని వాదనను తూచగలడు, సాక్ష్యం లేని మాటను ఒప్పుకోడు. ఈ న్యాయవాదిని పాఠకుడు చివరి పేజీ దాకా వెంటబెట్టుకొని పోవాలి. ఆయనతో పని పడుతుంది.

తొలి అధ్యాయం పురాతన నార్స్ ప్రజల సృష్టిగాథతో, ఉప్పటి మంచుగడ్డలను నాకే ఆవుతో మొదలవుతుంది. పాత గాథల మీద చిరునవ్వు నవ్వి సైన్సులోకి దిగటం ఇటువంటి పుస్తకాలకు పరిపాటి. దాని మీద ఎక్కువ మాటలు అనవసరం. గెలాక్సీలు పరస్పరం దూరమవుతున్నాయని 1929లో హబుల్ చూపిన సంగతి, ఆకాశం నలుమూలల నుంచీ సమానంగా వచ్చే సూక్ష్మతరంగ వికిరణాన్ని 1964-65లలో పెంజియాస్, విల్సన్ న్యూజెర్సీలో అనుకోకుండా పసిగట్టిన సంగతి తరువాతి అధ్యాయాలలో స్పష్టంగా ఉన్నాయి. ఆ వికిరణపు ఉష్ణోగ్రత పరమశూన్యానికి మూడు డిగ్రీలు మాత్రమే ఎగువన ఉంటుంది. విశ్వం ఒకప్పుడు అతి సాంద్రంగా, అతి వేడిగా ఉండేదనటానికి అది మిగిలిన ఆనవాలు.

అయిదవ అధ్యాయం ఈ గ్రంథానికి గుండెకాయ. సినిమా రీలును అక్కడక్కడా ఆపి చూపినట్లు గ్రంథకర్త కొన్ని దృశ్యాలను ఎంచుకుంటాడు. మొదటి దృశ్యంలో కాలం సెకనులో నూరవ వంతు. ఉష్ణోగ్రత పది వేల కోట్ల డిగ్రీలు. అప్పుడు ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఇంచుమించు సమానం. న్యూట్రాన్ ప్రోటాన్ కంటె రవంత బరువైనది. వెయ్యింట ఒకటిన్నర పాళ్ళు కూడా లేని తేడా అది. అంతటి వేడిలో ఆ తేడా లెక్కలోకి రాదు. ఎలక్ట్రాన్లు, న్యూట్రినోలు వచ్చి ఢీకొన్నప్పుడల్లా ఒకటి మరొకటిగా మారుతూనే ఉంటుంది. విశ్వం వ్యాకోచించి చల్లబడేకొద్దీ బరువైన దానిని తయారుచేయటం కష్టమవుతుంది. సెకనులో పదవ వంతు గడిచేసరికి న్యూట్రాన్లు నూటికి 38. సెకను దాటగానే 24. దాదాపు పద్నాలుగు సెకన్లకు 17. ఆ సరికి క్షీణ బలం నిజంగానే క్షీణించిపోయింది. మార్పిడి వేగం కంటె వ్యాకోచ వేగం ఎక్కువ కావటంతో నిష్పత్తి ఇంచుమించు నిలిచిపోయి, ఒంటరి న్యూట్రాన్లు తమంతట తామే విచ్ఛిన్నం కావటం వల్ల మాత్రమే నెమ్మదిగా తగ్గుతుంది.

ఇక్కడ పాఠకునికి ఒక సందేహం రావాలి. ప్రోటాన్, న్యూట్రాన్ వెంటనే జతకట్టి కేంద్రకాలు కావచ్చును గదా? కాలేవు. ఆ జత పేరు డ్యుటీరియం. దాని బంధం చాలా బలహీనమైనది. ఒక్కొక్క కేంద్రక కణానికి వంద కోట్ల కాంతి కణాల చొప్పున ఉన్న ఆ రద్దీలో, జత కట్టిన మరుక్షణమే ఏదో ఒక కాంతి కణం వచ్చి దానిని విడగొడుతుంది. ఉష్ణోగ్రత తొంభై కోట్ల డిగ్రీలకు దిగేదాకా ఇదే వరస. మూడు నిమిషాల నలభై ఆరు సెకన్లకు ఆ అడ్డు తొలగిపోతుంది. అప్పటికి న్యూట్రాన్లు నూటికి 13. ఆ పదమూడూ మరో పదమూడు ప్రోటాన్లను పట్టుకొని హీలియంగా మారతాయి; అంటే బరువులో నూటికి 26 పాళ్ళు హీలియం, మిగిలినది ఉదజని. న్యాయవాదికి ఇంతకంటె సూటిగా లెక్క అప్పజెప్పటం సాధ్యం కాదు. తారలలో, వాయుమేఘాలలో ఖగోళ శాస్త్రవేత్తలు కొలిచిన ఆదిమ హీలియం నాలుగింట ఒక వంతుకు దగ్గరలోనే ఉన్నది. ప్రయోగశాలలో కొలిచిన న్యూట్రాన్ ఆయుర్దాయం, తారల కూర్పు ఒకే గణితంలో ఇలా ఇమిడిపోతాయని ముందుగా ఎవరు అనుకుంటారు?

ఈ లెక్కకు ఒక కొనసాగింపు ఉన్నది. గ్రంథం అచ్చయ్యేనాటికి అది ఇంకా తేలలేదు. వైన్‌బర్గ్ తన గణనలో రెండు జాతుల న్యూట్రినోలను మాత్రమే వేసుకున్నాడు. టౌ అనే కొత్త కణం 1975 నాటికే బయటపడటంతో, దానికి జోడీగా మూడవ న్యూట్రినో ఉండాలన్న ఊహ బలపడుతున్న రోజులవి. నాలుగు, అయిదు, పది జాతులు ఎందుకు ఉండకూడదు? ప్రయోగశాలలో దీనికి సమాధానం లేదు. అదే 1977లో స్టైగ్‌మన్, ష్రామ్, గన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు సమాధానాన్ని హీలియంలో వెతికారు. న్యూట్రినో జాతులు పెరిగితే తొలి సెకన్లలో విశ్వంలోని శక్తి సాంద్రత పెరుగుతుంది. అది పెరిగితే వ్యాకోచం వేగవంతమవుతుంది. అప్పుడు న్యూట్రాన్లు ప్రోటాన్లుగా మారటానికి వ్యవధి చాలదు. మిగిలిన న్యూట్రాన్ల సంఖ్య ఎక్కువై హీలియం ఎక్కువవుతుంది. ఒక్కొక్క జాతికి సుమారు నూటికి ఒక పాలు అదనం. కనుక ఆకాశంలోని హీలియాన్ని జాగ్రత్తగా కొలిస్తే న్యూట్రినో జాతులు ఎన్నింటిని మించరాదో తెలుస్తుంది. కొలతలు మెరుగవుతూ 1980ల నాటికి ఆ పరిమితి మూడు, మహా అయితే నాలుగు అనే దాకా దిగింది.

1989లో జెనీవా సమీపాన సెర్న్ సంస్థవారి లెప్ యంత్రం పనిచేయటం మొదలుపెట్టింది. ఇరవై ఏడు కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించి ‘జెడ్’ కణాలను పుట్టించారు. వైన్‌బర్గ్, సలామ్‌ల సిద్ధాంతం చెప్పిన కణమే అది. 1983లో మొదటిసారి దొరికింది. అది ఎంత త్వరగా నశిస్తుందన్నది ఎన్ని మార్గాలలో నశించగలదన్న దాని మీద ఆధారపడుతుంది. కొలిచి చూస్తే తేలిక న్యూట్రినోలు మూడే జాతులు. ఆకాశం వైపు చూసినవారూ, భూగర్భంలో కణాలను ఢీకొట్టినవారూ ఒకరి పరికరం ఒకరు ముట్టకుండానే ఒకే అంకెకు చేరుకున్నారు. హదీసు శాస్త్రం ఎరిగిన పాఠకునికి దీని బరువు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకరినొకరు ఎరుగని ఉల్లేఖకుల ద్వారా, వేర్వేరు సనద్‌లతో ఒకే విషయం చేరినప్పుడు ముహద్దిసులు దానికి ఎంత విలువ ఇస్తారో వారికి తెలుసు. ప్లాంక్ ఉపగ్రహం ఆదిమ వికిరణాన్ని పరిశీలించి 2018లో తుదిగా ప్రకటించిన ఫలితాలు కూడా మూడు అనే అంకెనే బలపరిచాయి. అది మూడవ సనద్.

ఆరవ అధ్యాయం చరిత్ర. గామోవ్ బృందంలోని ఆల్ఫర్, హెర్మన్‌లు 1948లోనే అయిదు డిగ్రీల వికిరణం మిగిలి ఉండాలని లెక్కకట్టినా, దానిని వెతకటానికి పదిహేనేళ్ళకు పైగా ఎవరూ పూనుకోలేదెందుకు? తమ సమీకరణాలు నిజమైన విశ్వానికి నిజంగా వర్తిస్తాయన్న నమ్మకం భౌతిక శాస్త్రవేత్తలకే లేకపోవటం కారణమని గ్రంథకర్త అభిప్రాయం. తన వృత్తివారి లోపాన్ని ఇంత నిర్మొహమాటంగా ఒప్పుకున్న రచన అరుదు. అయితే ఈ సూత్రానికి రెండో అంచు కూడా ఉన్నది. గ్రంథంలోని తరువాతి అధ్యాయమే అందుకు సాక్ష్యం. కణాల జాతులు అంతూ పొంతూ లేకుండా పెరుగుతూ పోతాయి కాబట్టి, విశ్వం రెండు లక్షల కోట్ల డిగ్రీలకు మించి వేడెక్కటం అసంభవమని 1960లలో హాగెడోర్న్ సమీకరణాలు సూచించాయి. వాటిని అక్షరాలా నమ్మి ఉంటే అంతకు ముందు కాలంలోకి తొంగిచూడటమే కుదిరేది కాదు. ప్రోటాన్, న్యూట్రాన్‌లలోని క్వార్కులు పరస్పరం దగ్గరయ్యేకొద్దీ వాటి మధ్య బలం సడలుతుందని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ చూపిన తరువాతనే ఆ తలుపు తెరుచుకున్నది. ఏ సమీకరణాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పే సమీకరణం మాత్రం లేదు.

ఆ ఏడవ అధ్యాయం, సెకనులో తొలి నూరవ వంతును గురించినది, ఇప్పుడు చదివితే సగం బలంగానూ సగం పాతబడినట్లూ కనిపిస్తుంది. మహోష్ణంలో క్షీణ బలానికీ విద్యుదయస్కాంత బలానికీ తేడా లేదనీ, సుమారు ముప్ఫై కోట్ల కోట్ల డిగ్రీల దగ్గర నీరు మంచుగా గడ్డకట్టినట్లు అవి విడిపోయాయనీ గ్రంథకర్త వర్ణిస్తాడు. పోలిక మనోహరంగానే ఉన్నది. కాని 2012లో సెర్న్‌లో హిగ్స్ కణం దొరికి, దాని బరువు తేలిన తరువాత లెక్క మారింది. ప్రస్తుతం అంగీకరించిన సిద్ధాంతం ప్రకారం ఆ మార్పు మంచు గడ్డకట్టినట్లు ఒక్కసారిగా జరిగినది కాదు. నెయ్యి పేరుకున్నట్లు నెమ్మదిగా జరిగినది.

ఇది ఉపమానానికి సంబంధించిన చిన్న సవరణ అనుకుంటే పొరపాటు. దీని మీద ఒక పెద్ద ప్రశ్న ఆధారపడి ఉన్నది. పదార్థమూ ప్రతిపదార్థమూ సమపాళ్ళలో పుట్టి ఉంటే రెండూ పరస్పరం నశించి కాంతి మాత్రమే మిగిలేది. తారలూ లేవు, గ్రహాలూ లేవు. వంద కోట్ల ప్రతికణాలకు వంద కోట్ల ఒక్క కణం చొప్పున ఉన్న స్వల్పమైన మిగులే నేటి జగత్తు. ఈ మిగులును వైన్‌బర్గ్ అయిదవ అధ్యాయంలో తన లెక్కలోకి చేత్తో తెచ్చి వేస్తాడు. అది ఎక్కడిదో లెక్క చెప్పదు. అటువంటి మిగులు ఏర్పడాలంటే ఏ నియమాలు అవసరమో 1967లో సహరోవ్ చెప్పాడు. వాటిలో ఒకటి సమతౌల్యం చెడేటంతటి హఠాత్తు మార్పు. నెమ్మదిగా పేరుకొనే నెయ్యిలో అది దొరకదు.

మరొక నియమం, కేంద్రక కణాల మొత్తం సంఖ్య మారగలగటం. అటువంటప్పుడు ప్రోటాన్ సైతం ఎప్పుడో ఒకప్పుడు నశించవచ్చు. జోగేశ్ పతితో కలిసి అబ్దుస్ సలామ్ 1973లో ఈ అవకాశాన్ని ప్రతిపాదించాడు. దానిని పరీక్షించటానికి పూనుకొన్న తొలి ప్రదేశాలలో ఒకటి మన పొరుగునే ఉన్నది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే కోలారు బంగారు గనులవి. భూమి మీది వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను 1965లోనే అక్కడ కనుగొన్నారు. 1980లో టాటా సంస్థ శాస్త్రవేత్తలూ జపాను వారూ కలిసి సుమారు 2300 మీటర్ల లోతున 140 టన్నుల ఇనుప పరికరాన్ని అమర్చి, ప్రోటాన్ మరణం కోసం కనిపెట్టుకొని కూర్చున్నారు. కొన్ని ఘటనలు అటువంటివి కావచ్చునని ప్రకటించారు కూడా. అమెరికాలో, జపానులో కట్టిన ఇంకా పెద్ద పరికరాలు వాటిని బలపరచలేదు. జపానులోని సూపర్ కమియోకాండే ఇన్నేళ్ళ నిరీక్షణ తరువాత ప్రోటాన్ ఆయుర్దాయాన్ని, కొన్ని మార్గాలలో, 1 పక్కన 34 సున్నాలు వేస్తే వచ్చే సంవత్సరాలకు పైమాటే అంటున్నది. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. పదార్థం ఎందుకు మిగిలిందన్న ప్రశ్న మూతపడలేదు.

గ్రంథకర్త ఊహించని విషయాలు మరికొన్ని ఉన్నాయి. విశ్వంలోని మొత్తం ద్రవ్యశక్తిలో ఆయన వర్ణించిన ప్రోటాన్, న్యూట్రాన్‌ల వాటా నూటికి అయిదు పాళ్ళకు మించదని తేలింది. మిగిలినదానిలో నాలుగింట ఒక వంతుకు పైగా కనపడని పదార్థం. అది ఏ కణమో ఏ యంత్రంలోనూ దొరకలేదు. తక్కినది వ్యాకోచాన్ని వేగవంతం చేస్తున్న శక్తి. దాని జాడ 1998లో తెలిసింది. ఇవి అయిదవ అధ్యాయంలోని గణితాన్ని కూలదోయలేదు. ఉపసంహారాన్ని మాత్రం కదిలించాయి.

ఎందుకంటే ఉపసంహారంలో ఆయన రెండు భవిష్యత్తులను ఎదురుగా పెడతాడు. విశ్వం అంతులేకుండా వ్యాకోచించి చల్లారిపోవటం ఒకటి, తిరిగి ముడుచుకొని మండిపోవటం రెండవది. ఏది జరిగినా మానవునికి ఊరట లేదంటాడు. విశ్వం ఎంత అర్థమవుతుంటే అంత ప్రయోజనశూన్యంగా తోస్తున్నదని సారాంశం చెప్పి, దానిని తెలుసుకోవాలనే ప్రయత్నమే మనిషికి కొంత ఔన్నత్యాన్ని ఇస్తున్నదని ముగిస్తాడు. ఆ ముగింపులో నిజాయితీ ఉన్నది, దాచిపెట్టిన దుఃఖం కూడా ఉన్నది. ఎగతాళి చేయదగినది కాదు. కాని ఇక్కడే ముందుమాటలోని వృద్ధ న్యాయవాది లేచి నిలబడాలి. హీలియం నూటికి 26 అనటానికి సాక్ష్యం చూపారు, ఒప్పుకున్నాను. ప్రయోజనం లేదనటానికి ఏ దృశ్యంలో, ఏ సెకనులో సాక్ష్యం చూపారు? న్యూట్రాన్ల నిష్పత్తిలో ప్రయోజనమనే రాశి ఎక్కడా లేదు, దాని లేమి కూడా లేదు. అది లెక్క తేల్చిన ఫలితం కాదు. లెక్క కట్టినవాని మనస్సు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లా అలైహి) తొమ్మిది శతాబ్దాల క్రితం ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పీఠికలో గీసిన గీత ఇటువంటి చోటనే పనికివస్తుంది. గ్రహణాల వంటి విషయాలలో గణితంతో రుజువైన దానిని ధర్మం పేరిట ఖండించటం ధర్మానికే హాని అని ఆయన నిర్ద్వంద్వంగా చెప్పాడు. తర్కశాస్త్రంలో తామే విధించుకున్న నియమాలను తత్త్వవిచారంలో తత్త్వవేత్తలు పాటించలేకపోయారన్నది ఆయన ఆక్షేపణ. వైన్‌బర్గ్ తన తరువాతి రచనలలో, ముఖ్యంగా 2015లో వెలువడిన ‘టు ఎక్స్‌ప్లెయిన్ ద వరల్డ్’లో, గజాలీని శాస్త్ర వ్యతిరేకిగా తప్పుపట్టాడు. కార్యకారణాల గురించి గజాలీ వాదం వేరే చర్చ. ఈ పీఠికను తూనికరాయిగా పెట్టి చూస్తే మాత్రం ‘ద ఫస్ట్ త్రీ మినిట్స్’లోని అయిదవ అధ్యాయానికి పూర్తి మార్కులు పడతాయి, ఎనిమిదవదానికి పడవు.

అదే తూనికరాయి మనవారి మీదా పెట్టాలి. 1951లో పోప్ 12వ పయస్ విశ్వారంభ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా ప్రశంసించినప్పుడు, ఆ సిద్ధాంత కర్తలలో ఒకడూ స్వయంగా క్రైస్తవ మతగురువూ అయిన లెమైత్రకు అది రుచించలేదు. ఆయన తన సమీకరణాన్నీ తన విశ్వాసాన్నీ కలపలేదు. 1976లో వచ్చిన మోరిస్ బుకాయ్ గ్రంథం తరువాత మన సమాజంలో ఆ జాగ్రత్త సన్నగిల్లింది. సూరా అంబియా 30వ ఆయత్‌ను మహావిస్ఫోటానికీ, సూరా జారియాత్ 47వ ఆయత్‌ను హబుల్ పరిశీలనకూ ముడిపెట్టి, ఇక వేరే అర్థమే లేదన్నట్లు రాయటం పరిపాటి అయింది. తబరీ తన తఫ్సీర్‌లో అంబియా 30వ ఆయత్‌కు పూర్వుల నుంచి వచ్చిన అనేక అర్థాలను నమోదు చేశాడు. మూసుకొని ఉన్న ఆకాశం వర్షంతోనూ, భూమి పంటతోనూ తెరుచుకోవటం వాటిలో ఒకటి. వాటన్నిటినీ తుడిచివేసి ఒక్క అంకెకు దివ్యవాక్యాన్ని బిగించి కట్టినవారు, ఆ అంకె సవరణకు గురైననాడు దేనిని సవరిస్తారు?

అబ్దుస్ సలామ్ ఈ విషయంలో ఎక్కువ మెలకువ చూపాడు. 1979లో నోబెల్ విందు ప్రసంగంలో ఆయన సూరా ముల్క్‌లోని ఆయత్‌లను స్మరించాడు. అయినా 1991లో పర్వేజ్ హూద్‌భాయ్ గ్రంథానికి రాసిన ముందుమాటలో, తానూ వైన్‌బర్గ్‌ విశ్వాసంలోనూ నివాసంలోనూ ఎంతో దూరంగా ఉండి కూడా ఒకే సిద్ధాంతానికి చేరామని గుర్తుచేశాడు. బలాల ఏకత్వం వైపు తన మనస్సు మొగ్గటానికి ముస్లిముగా తన నేపథ్యం తెలియకుండానే ప్రేరణ అయి ఉండవచ్చునని ఒప్పుకున్నాడు. సమీకరణానికి మాత్రం ఆ నేపథ్యాన్ని సాక్షిగా పిలవలేదు.

వైన్‌బర్గ్ 2021లో మరణించాడు. 1993 నాటి ముద్రణకు ఆయనే ఒక అనుబంధం చేర్చాడు. పాత ప్రతి కంటె అది ఉన్న ప్రతినే చదవటం మంచిది. యువకులతో ఈ గ్రంథాన్ని చదివించదలచిన ఉపాధ్యాయులు అయిదవ అధ్యాయంతో మొదలుపెట్టి, నూటికి 13 న్యూట్రాన్ల నుంచి 26 పాళ్ళ హీలియం ఎలా వచ్చిందో విద్యార్థుల చేతనే కట్టించాలి. న్యూట్రినోలు రెండని ఉన్నచోట మూడని దిద్దించాలి. ఆ మూడు నిమిషాలలో స్వల్పంగా పుట్టిన లిథియం ప్రస్తావన కూడా తేవటం అవసరం. ఎందుకంటే పాత తారలలో కనిపించే లిథియం లెక్క చెప్పిన దానిలో దాదాపు మూడవ వంతే. లోపం తారలలో ఉన్నదో, కొలతలో ఉన్నదో, కణాల గురించిన మన పరిజ్ఞానంలో ఉన్నదో తేలలేదు.